రాహేలమ్మ లెక్క

ఆ కాలేజీలో తప్పు లెక్కకి ఒక పేరుండేది. రాహేలు లెక్క. బోర్డు మీద ఎవరైనా కూడికకు బదులు తీసివేత చేసినా, చుక్క పెట్టాల్సిన చోట పెట్టకపోయినా వెనక బల్లల నుంచి "రాహేలు లెక్కండీ" అని నవ్వేవారు. లెక్చరర్లూ అనేవారు. అక్కడ ఏడేళ్లుగా లెక్కలు చెబుతున్న ఉషశ్రీ కూడా అనేది. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అందరికీ తెలుసు. కాలేజీ పెట్టిన జగన్నాథరావుగారి ఆత్మకథలో ఒక పేజీని మొదటి సంవత్సరం పిల్లలకు పాఠంగా పెట్టారు.

యుద్ధం రోజుల్లో, పంతొమ్మిది వందల నలభై నాలుగులో, జగన్నాథరావుగారు మద్రాసులో సైన్యానికి ఆటుపోట్ల లెక్కలు కట్టే ఒక చిన్న విభాగానికి అధికారి. బర్మా తీరంలో ఏ రోజున, ఏ వేళకు, సముద్రం ఎంత ఎత్తు లేస్తుందో ముందుగా లెక్కగట్టి పట్టికలు వేయడం వాళ్ల పని. సైనికుల్ని ఒడ్డున దించే పడవలు ఆ పట్టికలు చూసి కదిలేవి. ఆయన దగ్గర రాహేలు అనే అమ్మాయి ఒక పట్టికలో తప్పు చేసింది. పడవలు ఒడ్డు చేరకుండానే బురదలో కూరుకుపోయాయి. గట్టు మీద శత్రువులు తుపాకులతో కాచుకొని ఉన్నారు. "ఒక ఆడపిల్ల పరధ్యానం ఎన్ని ప్రాణాలు తీయగలదో విద్యార్థులు గ్రహింతురుగాక" అని ఆ పేజీలో ఆయన రాశారు. మిగిలిన పట్టికలన్నిటినీ తానొక్కడే కూర్చొని సరిచేసి యుద్ధానికి అందించానని కూడా రాసుకున్నారు.

ఆయన పోయిన అయిదేళ్లకు, 2007లో, తెనాలి దగ్గరున్న ఆ ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ల కోసం కొత్త భవనం కట్టి ఆయన పేరు పెట్టారు. ప్రారంభోత్సవానికి ఒక ప్రత్యేక సంచిక వేయాలనుకున్నారు. జగన్నాథరావుగారి కొడుకు మోహనకృష్ణ కాలేజీకి ఛైర్మన్. ఆయన ఉషశ్రీని పిలిపించారు.

"మీ తెలుగు బాగుంటుంది మేడం. నాన్నగారి మీద పెద్ద వ్యాసం మీరే రాయాలి. మన దేశంలో కంప్యూటర్ రాకముందే కంప్యూటింగ్ చేసిన మనిషండి ఆయన," అని ఒక కవరు నిండా పాత ఫొటోలు చేతిలో పెట్టారు.

ఒక ఫొటోలో జగన్నాథరావుగారు కోటు వేసుకొని కుర్చీలో కూర్చున్నారు. వెనక ఏడుగురు అమ్మాయిలు నిలబడి ఉన్నారు. కింద 'జగన్నాథరావుగారు, సిబ్బంది' అని ఉంది.

"వీళ్లెవరండి?" అని అడిగింది ఉషశ్రీ.

"ఎవరో టైపిస్టులు. వాళ్లని కత్తిరించేసి నాన్నగారి వరకు వేయండి."

ఆ సాయంత్రం తెనాలిలో ఇంటికి వెళ్లి బల్ల మీద ఫొటోలు పరుచుకుంటే, ఉషశ్రీ తల్లి కళ్లజోడు సర్దుకొని చూసి, వేలు పెట్టి చూపించింది. "ఈవిడ మా మాణిక్యాంబ టీచరు కాదూ? బాపట్లలో మాకు లెక్కలు చెప్పేది. టైపిస్టేంటి? మద్రాసులో లెక్కల్లో ఆనర్సు చేసింది. చిన్నప్పుడే మొగుడు పోతే వాళ్ల నాన్న పట్టుబట్టి చదివించాడు. ఇప్పుడు రేపల్లెలో మేనకోడలి దగ్గరుంటోందని విన్నాను."

ఆదివారం పొద్దున్నే ఉషశ్రీ రేపల్లె ప్యాసింజరు ఎక్కింది.

మాణిక్యాంబకు అప్పటికి ఎనభై అయిదు. ఒక చెవి వినబడదు. వినబడే చెవి వైపు కుర్చీ వేయించి, మేనకోడలు జయలక్ష్మి చేత మజ్జిగ తెప్పించి, వచ్చిన పనేమిటని అడిగింది. ఉషశ్రీ చెప్పింది.

"జగన్నాథరావు మీద వ్యాసమా? రాసుకో. నాతో ఏం పని?"

"ఫొటోలో మీరున్నారండి. మిగతా వాళ్లెవరో కనుక్కుందామని."

మాణిక్యాంబ ఫొటోని కిటికీ వెలుగులోకి తిప్పింది. "ఈ పక్కనున్నది రాహేలు. బాపట్ల పిల్ల."

ఉషశ్రీ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఫొటోలో ఆ అమ్మాయి మిగతావాళ్ల కన్నా పొడుగు. కెమెరా వైపు చూడటం లేదు, పక్కనున్న మనిషితో ఏదో చెబుతున్నట్టుంది.

"ఏంటి, తెలుసా నీకు?"

"పేరు విన్నానండి. మా కాలేజీలో అంటుంటారు."

"ఏమని అంటారు?"

ఉషశ్రీకి దాచడం చేతకాలేదు. చెప్పింది. మాణిక్యాంబ వినబడలేదేమోనన్నట్టు తల ఇంకాస్త వంచి, మొత్తం మళ్లీ చెప్పించుకుంది.

"నువ్వూ అంటావా?"

"అన్నానండి."

 ముసలామె లోపలికి కేకేసింది. "జయా, మజ్జిగ కాదు, ఈ అమ్మాయికి మంచినీళ్లు తెచ్చివ్వు. మొహం పాలిపోయింది."

ఆమె చెప్పిన సంగతి ఇది.

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే పెట్టె కాదు, మనిషి. ఆ ఏడుగురి ఉద్యోగం పేరే అది. అందరూ లెక్కల్లో డిగ్రీ చదివినవాళ్లు. ఒక్కొక్కరికి ఒక బల్ల, ఇద్దరికి కలిపి చేత్తో తిప్పే ఒక లెక్కల యంత్రం. చంద్రుడి లెక్క ఒకరు, సూర్యుడి లెక్క ఒకరు, అన్నీ కలిపేది ఇంకొకరు. పెద్ద రేవులకు ఇది సులువు, ఎందుకంటే అక్కడ ఏళ్ల తరబడి నీటిమట్టం కొలిచి పెట్టారు. కానీ సైన్యం దిగాలనుకున్నది రేవుల్లో కాదు, ఎవరూ ఎప్పుడూ కొలవని ఏటి మొగల దగ్గర, బురద కాలవల దగ్గర. అక్కడ దొంగచాటుగా వెళ్లిన మనుషులు నాలుగైదు రోజులు కొలిచి పంపిన అంకెలు తప్ప ఏమీ లేవు. ఆ కాసిని అంకెల్ని దగ్గరి పెద్ద రేవుతో పోల్చి, మొత్తం నెల పట్టిక రాబట్టే పద్ధతి రాహేలు కనిపెట్టింది. అధికారికి అది సగం అర్థమైంది. కింద సంతకం మాత్రం ఆయనదే.

"అది సరేలే, అప్పట్లో అందరి పనీ అలాగే పోయేది. మేం పట్టించుకోలేదు," అంది మాణిక్యాంబ. "ఒకసారి ఒక కాలవ పట్టిక వచ్చింది. లోతు తక్కువ చోట పోటు ఆలస్యంగా వస్తుందని రాహేలుకి తెలుసు. సముద్రం ఒడ్డున పుట్టిన పిల్ల, పైగా అంకెలూ అదే చెప్పాయి. ముప్పావుగంట తర్వాతికి జరిపి రాసింది. జగన్నాథరావు ఆ సవరణ కొట్టేశాడు. మిగతా పట్టికల్లో లేని సవరణ దీనికెందుకు, దొరగారు అడిగితే నేనేం చెప్పాలి, అన్నాడు. రాహేలు వాదించింది. నీ పని కూడటం, ఆలోచించడం కాదన్నాడు. శుభ్రంగా రాసిన ప్రతిని సరిచూసింది నేనే. ఆ కొట్టివేత నా కళ్లతో చూశాను."

"పడవలు ముందే వెళ్లిపోయాయన్నమాట."

"పోటు రాకముందే వెళ్లాయి. నీళ్లు లేవు, బురదే ఉంది. ఎంతమంది పోయారో మాకెవరూ చెప్పలేదు. విచారణ పెట్టారు. లెక్క ఆ అమ్మాయిది, కూడిక తప్పిందని జగన్నాథరావు రాసిచ్చాడు. నేను వెళ్లి చెప్పాను, కాదండీ, ఆయనే కొట్టేశారని. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు, స్నేహితురాలి మాట చెల్లదన్నారు. రాహేల్ని పంపించేశారు. మళ్లీ సర్కారు ఉద్యోగం రాకుండా రాశారు."

"ఆ కాగితం ఎక్కడైనా ఉంటుందా అండి?"

"యుద్ధం అయిపోగానే అన్నీ తగలబెట్టారు." మాణిక్యాంబ ఆమె వైపు సూటిగా చూసింది. "ఏం, కాగితం ఉంటే గాని నమ్మవా?"

"నమ్ముతానండి," అంది ఉషశ్రీ.

తిరుగు రైల్లో ఆమెకు తన గొంతే పదేపదే వినబడింది. పోయిన నెలలోనే, బోర్డు దగ్గర వణుకుతూ నిలబడ్డ ఒక పిల్లని "ఏంటమ్మా, రాహేలు లెక్క చేశావు?" అంది. క్లాసంతా నవ్వింది. తనూ నవ్వింది. నోట్లో ఏదో కుళ్లినది పెట్టుకున్నట్టయింది. వేమూరు స్టేషన్లో దిగి కొళాయి దగ్గర నోరు పుక్కిలించి మళ్లీ ఎక్కింది.

రాహేలు తమ్ముడు మార్కు బాపట్లలో ఉన్నాడని మాణిక్యాంబే చెప్పింది. ఉషశ్రీ మరుసటి వారం అక్కడికి వెళ్లింది. మార్కు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఎనభైకి దగ్గర పడ్డాడు. కాలేజీ పేరు చెప్పగానే గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత పక్కకు జరిగి దారిచ్చాడు.

"మా అక్క పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో పోయిందమ్మా. పిల్లలకి ప్రైవేట్లు చెప్పి బతికింది. మద్రాసు సంగతి ఇంట్లో మాతో తప్ప ఎవరితోనూ అనలేదు. అనకూడదని వాళ్లు ప్రమాణం చేయించారంట. అక్క మాట మీద నిలబడింది. ఆయన మాత్రం పుస్తకమే రాసుకున్నాడు."

"ఆ పుస్తకం ఆవిడ చూశారాండి?"

"ఎవరో మహానుభావుడు, నీ పేరుంది చూడమని తెచ్చిచ్చాడు. చదివింది. లేచి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుంది. వచ్చి కూర్చుని, మళ్లీ లేచి కడుక్కుంది. రెండ్రోజులాగి, నన్ను తోడు తీసుకొని తెనాలి వెళ్లింది. ఆయన ఎంత మర్యాద చేశాడనుకున్నారు! కాఫీ ఇప్పించాడు. హాల్లో పెద్ద మనుషులుంటే, 'మా పాత శిష్యురాలండి, నన్ను చూద్దామని వచ్చింది' అని పరిచయం చేశాడు. అక్క నోరు తెరిచే లోపలే, అప్పటి సంగతులు ఇప్పుడెందుకమ్మా, దేవుడు అందరినీ క్షమిస్తాడు అన్నాడు. అక్కని, ఆయన క్షమిస్తున్నట్టు. బయటికొచ్చాక అక్క ఆ కాఫీ అంతా రోడ్డు పక్కన కక్కేసింది."

వ్యాసంలో ఏం రాయమంటారని అడిగితే అతను కాస్త ఆలోచించాడు. "మాకు పొగడ్తలేం వద్దమ్మా. ఆ పేజీ పిల్లలకి చెప్పడం మానేయమనండి. అంతే."

ఉషశ్రీ వ్యాసం రాసింది. ఏడుగురి పేర్లూ రాసింది. పట్టిక ఎవరు వేశారో, సవరణ ఎవరు కొట్టేశారో, నింద ఎవరి మీద పడిందో, మాణిక్యాంబ చెప్పినట్టే రాసి ఛైర్మన్‌కి పంపింది. రెండో రోజు ఆయన ఇంటికి టిఫిన్‌కి రమ్మని కబురు చేశారు. కోప్పడతారని, తిడతారని సిద్ధపడి వెళ్లింది. మోహనకృష్ణ పెసరట్టు తుంచుకుంటూ హాయిగా నవ్వారు.

"బాగా రాశారు మేడం. కానీ ఇది వేయలేం కదా."

"అబద్ధమంటారాండి?"

"అబద్ధం అని నేనెందుకంటాను? నాన్నగారే చెప్పేవారు. ఆ రాహేలు లెక్క కరెక్టేరా, నేనే తొందరపడ్డాను అనేవారు. భోజనాల దగ్గర ఎన్నిసార్లు చెప్పారో."

"మీకు తెలుసా?"

"ఇంట్లో అందరికీ తెలుసు. అల్లం పచ్చడి వేసుకోండి. చూడండి మేడం, అప్పటికి నాన్నగారి మీద ఆధారపడి ఇద్దరు చెల్లెళ్లు, మా నాయనమ్మ, అమ్మ ఉన్నారు. నేను కడుపులో ఉన్నాను. ఆ అమ్మాయికి పెళ్లా, పెటాకులా? ఉద్యోగం పోతే ఇంటికెళ్లి కూర్చుంటుంది. ఎవరో ఒకరి మీదికి పోవాలి కదా. నాన్నగారు ఉండబట్టే కదా ఈ కాలేజీ వచ్చింది. మీ ఉద్యోగం కూడా."

"పుస్తకంలో ఆవిడ పేరు రాయకుండా ఉండాల్సింది కదండీ. పిల్లలు ఆ పేరుతో నవ్వుతుంటే మీరు రోజూ వింటున్నారు."

"అలవాటైపోయిందండి, ఎవరు పట్టించుకుంటారు? తండ్రి రాసింది కొడుకు కొట్టేస్తాడా?" ఆయన చేతులు తుడుచుకున్నారు. "ఒక పని చేద్దాం. ఆ మాణిక్యాంబగారు బతికే ఉన్నారుగా. ఫంక్షన్‌కి పిలిచి శాలువా కప్పుదాం. ఆడవాళ్లని గౌరవించినట్టూ ఉంటుంది, పేపరు వాళ్లకీ బాగుంటుంది. ఆ రెండో ఆవిడ సంగతి వదిలేయండి."

పళ్లెంలో పెసరట్టు అలాగే ఉంది. దాని మీద నెయ్యి పేరుకుంటోంది. ఉషశ్రీ పళ్లెం పక్కకు జరిపింది. అబద్ధమని ఆయన బల్ల గుద్దితే ఇంత రోత పుట్టేది కాదు. తెలిసి, తరతరాలుగా తెలిసి, అన్నంలో కలుపుకొని తిన్నారు.

మాణిక్యాంబ రానంటుందనే అనుకుంది. కానీ ఆమె వస్తానంది. "మైకిస్తారా?" అని మాత్రం అడిగింది. ఇస్తారని చెబితే, "అయితే కారు పంపించమను," అంది.

సెప్టెంబరులో ప్రారంభోత్సవం జరిగింది. షామియానా నిండా పిల్లలు. వేదిక మీద ఎమ్మెల్యే, ఇద్దరు వైస్ ఛాన్సలర్లు. పూలదండల మధ్య జగన్నాథరావుగారి నిలువెత్తు చిత్రపటం. మాణిక్యాంబకు చివరి కుర్చీ వేశారు. శాలువా కప్పాక రెండు మాటలు చెప్పమన్నారు. ఉషశ్రీ చెయ్యి పట్టుకొని లేచి, మైకు దగ్గర ఆమె కాగితం లేకుండా, తడబడకుండా మాట్లాడింది.

"నేను టైపిస్టుని కాను. నాకు టైపు రాదు. మేం ఏడుగురం లెక్కలు కట్టాం. అందరిలో తెలివైనది బాపట్ల రాహేలు. ఆమె లెక్క తప్పలేదు. తప్పించినవాడు ఇదిగో, ఈ దండల్లో ఉన్నాడు. ఆయన తప్పుకి మనుషులు చచ్చిపోయారు. ఆ చావులన్నీ ఆమె నెత్తిన రుద్ది, దాన్ని పుస్తకంలో రాసి, మీ చేత చదివిస్తున్నారు. మీరు ఆమె పేరు పెట్టి నవ్వుతున్నారంట. ఇది నాకు పరమ అసహ్యంగా ఉంది. చెప్పిపోదామని వచ్చాను."

అప్పుడు మోహనకృష్ణ చిరునవ్వుతో లేచి చప్పట్లు కొట్టారు. ఆయన్ని చూసి వేదిక, వేదికని చూసి షామియానా అంతా చప్పట్లు. పిల్లల్లో సగం మంది సెల్‌ఫోన్లు చూసుకుంటూనే కొట్టారు. సభ నడిపిస్తున్న లెక్చరరు మైకందుకొని, "ఈ వయసులో కూడా అమ్మమ్మగారి ఉత్సాహం చూశారుగా, కాస్త పాత విషయాలు కలగలిసినా జగన్నాథరావుగారి మీద ఆవిడ అభిమానం..." అన్నాడు. జనం ముచ్చటపడి నవ్వారు. ముందు వరసలో ఒకావిడ, "పాపం, ఎంత బాగా మాట్లాడిందో," అంది.

మాణిక్యాంబ కొంతసేపు ఆ నవ్వే మొహాలన్నిటినీ చూస్తూ నిలబడింది. శాలువా తీసి కుర్చీ మీద వేసి, మెట్లు దిగింది. భోజనాలకి రమ్మంటే ఇక్కడ మంచినీళ్లు కూడా తాగనంది. కారెక్కుతుంటే అటెండరు సైదావలి శాలువా పట్టుకొని గబగబా వచ్చాడు.

"అమ్మమ్మగారూ, మర్చిపోయారండి."

"మర్చిపోలేదు నాయనా. తీసుకెళ్లి వాళ్లకిచ్చెయ్యి."

అతను ఉషశ్రీ మొహం చూసి, శాలువా మడిచి చంకలో పెట్టుకొని వెనక్కి వెళ్లాడు.

రేపల్లె వద్దు, బాపట్ల పోనిమ్మంది మాణిక్యాంబ. ఉషశ్రీ కూడా కారెక్కింది. మార్కు ఇంట్లో ఆమెకి దిండు సర్ది మంచం మీద కూర్చోబెట్టారు. ఆమె జరిగింది జరిగినట్టు అతనికి చెప్పింది.

"చప్పట్లు కొట్టారా?" అని అడిగాడు మార్కు.

"అందరూ కొట్టారు."

"తిట్టినా బాగుండేదండి," అన్నాడతను.

"అవును. తిడితే విన్నట్టు."

మార్కు కోడలు అన్నాలు వడ్డించింది, చేపల పులుసు, పక్కన మాణిక్యాంబ కోసం విడిగా పప్పు. మాణిక్యాంబ ఆకలిగా ఉందని చెప్పి మారు వడ్డించుకుంది. ఉషశ్రీ కలిపిన ముద్ద అలాగే చేతిలో పట్టుకొని కూర్చుంది.

"నేను రేపు ఉద్యోగం మానేస్తున్నానండి," అంది చివరికి.

"మానెయ్. వాళ్లకి రేపే ఇంకో మనిషి దొరుకుతుంది. నా కోసం మానేశానని మాత్రం ఎవరితోనూ అనకు," అంది మాణిక్యాంబ. "నీకు రోత పుట్టింది, మానేశావు. అది చాలు."

మర్నాడు జిల్లా పేపర్లో ఫొటో వచ్చింది. శాలువాతో ఉన్న మాణిక్యాంబ, కింద 'జగన్నాథరావు వద్ద టైపిస్టుగా పనిచేసిన వృద్ధురాలికి సత్కారం'. ఉషశ్రీ రాజీనామా ఇవ్వడానికి వెళ్లేసరికి ఆ ముక్క కత్తిరించి నోటీసు బోర్డుకి అంటించి ఉంది. ప్రత్యేక సంచికలో ఆమె వ్యాసం కూడా వచ్చింది. ఏడుగురి పేర్లూ లేవు, రాహేలు లేదు, మిగిలినదానికి పొగడ్తలు ఎవరో అతికించారు. కింద ఉషశ్రీ పేరు మాత్రం అలాగే ఉంచారు.

పేరు తీసేయమని ఆమె ఛైర్మన్‌ని అడిగింది. అచ్చయిపోయింది కదా మేడం, అయినా మీకు మంచి పేరే కదా, అన్నారాయన.

అసలు వ్యాసాన్ని ఆమె నాలుగు పత్రికలకు పంపింది. మూడు తిప్పి పంపాయి. గుంటూరు నుంచి వచ్చే ఒక చిన్న మాసపత్రిక వేసింది. దాన్ని మాణిక్యాంబ చదివించుకొని వింది. మార్కు రెండు ప్రతులు కొనుక్కున్నాడు. పాఠంలోంచి ఆ పేజీ తీయలేదు.

ఉషశ్రీ ఇప్పుడు బాపట్లలో ఒక డిగ్రీ కాలేజీలో చెబుతోంది. శనివారాలు అమ్మని చూడటానికి తెనాలి వెళ్తుంది. బస్సు ఆ కొత్త భవనం ముందునుంచే పోతుంది. సీటు ఎక్కడ దొరికినా, ఎంత రద్దీగా ఉన్నా, ఎవరినో ఒకరిని బతిమాలి ఆమె రెండో వైపు కూర్చుంటుంది.